లక్ష తిరిగిన పెట్రోలు కారు కొనేముందు రేడియేటర్ మూత తీసి చూడండి

88,000 కిలోమీటర్ల దగ్గర కొన్న 2012 మోడల్ పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ ఇప్పుడు 1,63,000 దగ్గర ఉంది. 1.2 లీటర్లు, నాలుగు సిలిండర్లు, టైమింగ్ చెయిన్. ఇంజన్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. పదివేలకోసారి నూనె మారిస్తే చాలు, చప్పుడు చేయకుండా తిరుగుతుంది. నా కోపమంతా రేడియేటర్‌లో కూలెంట్ అనే రంగు ద్రవం పోయాల్సిన చోట బోరు నీళ్లు పోసే అలవాటు మీద. ఈ కారులో పెద్ద ఖర్చు ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ ఈ అలవాటు వల్లే.

మన బోరు నీళ్లలో ఎంత సున్నం ఉంటుందో గీజర్ కాయిల్ మీద కట్టిన తెల్లటి పెచ్చు చూసినవాళ్లకి తెలుసు. అవే నీళ్లు రేడియేటర్‌లో రోజూ 90 డిగ్రీలకు కాగితే సన్నటి అల్యూమినియం గొట్టాల లోపల అదే పెచ్చు కడుతుంది. గొట్టం దారి ఇరుకవుతుంది, వేడి బయటికి పోయే దారీ మూసుకుపోతుంది. పైగా ఉత్త నీళ్లలో తుప్పు పట్టనివ్వని మందులుండవు. కూలెంట్ అసలు పని అదే. ఇక్కడ నీళ్లు గడ్డకట్టే చలి లేదు కాబట్టి కూలెంట్ దండగ అనే మాట చాలా గ్యారేజీల్లో వినిపిస్తుంది. చలికీ మన కూలెంట్‌కీ సంబంధం లేదు. తుప్పు, పెచ్చు, మరుగు, ఈ మూడింటి కోసమే అది మనకు కావాలి.

1,21,000 దగ్గర, మే నెల మధ్యాహ్నం, హైవే మీద రేడియేటర్ పై ట్యాంకు పగిలింది. ఈ ట్యాంకు ప్లాస్టిక్‌ది, దాన్ని అల్యూమినియం జాలీకి అంచు మడిచి బిగిస్తారు. ఏళ్ల తరబడి కాగి చల్లారి, కాగి చల్లారి ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. సరిగ్గా ఆ మడత పక్కనే వెంట్రుక మందాన చీలిక వచ్చింది. ఈ కారులో టెంపరేచర్ ముల్లు లేదు. చల్లగా ఉంటే నీలం లైటు, బాగా కాగితే ఎర్ర లైటు, అంతే. ఎర్ర లైటు ముందుగా వెలగలేదు. సెన్సర్ చుట్టూ నీళ్లుంటేనే దానికి సరైన వేడి తెలుస్తుంది. నీళ్లన్నీ ఆవిరిగా పోయాక అది గాల్లో ఉండిపోయి, ఇంజన్ కాలుతున్నా తక్కువే చూపిస్తుంది. మొదట కనిపించిన గుర్తు ఫ్లైఓవర్ ఎక్కుతుంటే లాగుడు తగ్గడం, యాక్సిలరేటర్ తొక్కితే సన్నగా టకటక చప్పుడు. లైటు ఆ తర్వాత వెలిగింది. అప్పటికే ఆలస్యమైంది.

హెడ్ (సిలిండర్లను పైనుంచి మూసే ఇంజన్ పై భాగం) విప్పి, స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి సందు కొలిచే ఫీలర్ గేజ్ దూరిస్తే 2, 3 సిలిండర్ల మధ్య 0.12 మిల్లీమీటర్ల వంపు. మామూలుగా 0.05 దాటితే ఫేసింగ్, అంటే హెడ్ అడుగు చదును చేయించాల్సిందే. లేత్ షాపులో ఫేసింగ్, హెడ్ కింద సీలుగా ఉండే కొత్త గ్యాస్కెట్, కొత్త హెడ్ బోల్టులు (కోణం లెక్కన సాగదీసి బిగించే బోల్టుల్ని మళ్లీ వాడకూడదు), రేడియేటర్, మూత, పై కింది హోసు పైపులు, థర్మోస్టాట్. మొత్తం 23,000 అయింది. పాత రేడియేటర్ కోసి చూస్తే మూడోవంతు గొట్టాలు పూర్తిగా పూడిపోయి ఉన్నాయి. మూత లోపలి చిన్న వాల్వు తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. థర్మోస్టాట్ ఉండాల్సిన గూడు ఖాళీ.

ఆ ఖాళీ గూడు గురించి కొంచెం చెప్పాలి. కారు కాగుతోందని వస్తే థర్మోస్టాట్ వాల్వు పీకేసి పంపడం మన దగ్గర మామూలు. "వాల్వు తీసేశాం సార్, ఇంక కాగదు" అంటారు. నిజంగానే కొన్నాళ్లు కాగదు. రేడియేటర్ సగం పూడిపోయిన సంగతి బయటపడదు, అంతే. 82 లేదా 88 డిగ్రీల దాకా నీళ్లను ఇంజన్‌లోనే ఆపి త్వరగా వేడెక్కించడం ఆ వాల్వు పని. అది లేకపోతే హైవే మీద ఇంజన్ 65, 70 దగ్గరే ఉండిపోతుంది. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. కొత్త వాల్వు, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పడ్డాక ఈ కారు హైవే మైలేజీ 15 నుంచి దాదాపు 17.5కి పెరిగింది. ఇంత తేడా వస్తుందని ఊహించలేదు. కొన్న దగ్గర్నుంచి 33,000 కిలోమీటర్లు ఆ పెట్రోలు వృథాగా కాలిపోయినట్టే కదా.

కాబట్టి చూడటానికి వెళ్లేముందే, కారును స్టార్ట్ చేయకుండా ఉంచమని అమ్మేవాళ్లకు చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజు పరీక్ష పనికిరాదు. పూర్తిగా చల్లగా ఉంటేనే రేడియేటర్ మూత తీయాలి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది. మూత దాదాపు 1 బార్ ఒత్తిడి పట్టి ఉంచడం వల్లే లోపలి నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి, తీసిన క్షణంలో భగ్గున మరిగి పైకి చిమ్ముతాయి. నీళ్లు మెడ అంచు దాకా ఉండాలి. తెల్ల గుడ్డ ముంచి చూడండి. ఆకుపచ్చో, ఎరుపో, నీలమో, రంగు ఏదైనా తేటగా ఉంటే మంచిదే. ఇటుక రంగు నీళ్లయితే ఉత్త నీళ్లు పోశారని అర్థం. పైన నూనె జిడ్డు తేలితే అక్కడితో వదిలేసి వచ్చేయండి. అమ్మే ముందు రోజు పాత నీళ్లు వంపేసి కొత్త కూలెంట్ పోసేవాళ్లూ ఉంటారు. వాళ్లు కూడా రిజర్వాయర్ డబ్బా అడుగున పేరుకున్న ఎర్ర మడ్డిని, మూత రబ్బరు కింది తెల్లటి పొక్కుల్ని శుభ్రం చేయరు. అక్కడ చూడాలి.

మూత తీసి ఉంచే స్టార్ట్ చేయించండి. మొదట నాలుగు బుడగలు రావడం సహజం. నిమిషం దాటినా ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ దాటి సిలిండర్ గాలి నీళ్లలోకి వస్తున్నట్టు. మూత పెట్టేసి పై హోసు పైపు పట్టుకోండి. కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ ఉంది, పనిచేస్తోంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతూ వస్తే అది లేదన్నమాట, లేదా తెరుచుకునే ఉండిపోయింది. ఏసీ ఆపి ఇరవై నిమిషాలు ఐడిల్‌లో వదిలేయండి. ఫ్యాన్ దానంతటది తిరిగి, ఆగి, మళ్లీ తిరగాలి. ఏసీ వేస్తే ఫ్యాన్ తిరుగుతుందని చూపిస్తారు, దాంతో మోటారు బాగుందనే తెలుస్తుంది. చల్లటి ఇంజన్‌లో, ఏసీ లేకుండా, తాళం తిప్పగానే ఫ్యాన్ తిరిగితే ఎవరో దానికి డైరెక్ట్ కనెక్షన్ ఇచ్చి ఉండొచ్చు. ఎందుకు తిరుగుతోందో అడగండి. తర్వాత ఏసీ నాబ్ పూర్తి వేడి వైపు తిప్పండి. మన ఊళ్లలో హీటర్ ఎవరూ వేయరు, అందుకే దాన్ని ఎవరూ మోసానికి సిద్ధం చేసి ఉంచరు. ఇంజన్ కాగినా వేడి గాలి రాకపోతే నీళ్లు తక్కువున్నాయి, లేదా హీటర్ గొట్టాలూ పూడిపోయాయి.

వెయ్యి రూపాయల లోపు దొరికే, కారు కంప్యూటర్ అంకెల్ని ఫోన్‌లో చూపించే ఓబీడీ బ్లూటూత్ పరికరం వెంట ఉంటే డ్రైవ్‌లో కూలెంట్ వేడి ఎన్ని డిగ్రీలో చూడొచ్చు. హైవే మీద 85 నుంచి 95 మధ్య నిలకడగా ఉంటే సరి.

సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షకు అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే నేనైతే ముందుకెళ్లను. ఇంజన్ వేడిగా, నాలుగు ప్లగ్గులూ తీసి, ఇంజెక్టర్ల కనెక్షన్ పీకి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఐదారు చుట్లు క్రాంక్ చేయాలి. 170 పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటే సంతోషం. అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం, 20 దాటకూడదు. తక్కువున్న దాంట్లో చెంచాడు నూనె పోసి మళ్లీ చూస్తే అంకె పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్టు, పెరగకపోతే ఇంజన్ వాల్వులు పోయినట్టు. పక్కపక్కనున్న రెండూ తక్కువ చూపిస్తే మధ్యలో గ్యాస్కెట్ పోయింది.

మీటరు సంగతికొస్తే, వెనక్కి తిప్పడం తేలిక కాబట్టి ఆ అంకెను నేను పెద్దగా నమ్మను. సర్వీసు రికార్డులు, పెడల్ రబ్బరు అరుగుదల, డ్రైవర్ సీటు అంచు చాలు. పేపర్లలో హైపోథికేషన్ (బండి మీద లోన్ ఉందనే నమోదు) తీసేశారా, ఇతర రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ ఉందా, ఆర్‌సీకి పదిహేనేళ్లు నిండటానికి ఎంత మిగిలింది, ఇవి చూడాల్సిందే. ఈ కారుకే 2027లో ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించాలి.

మొదట్లో నూనె మారిస్తే చాలన్నాను. అది హెడ్ విప్పకముందు మాట. ఇప్పుడు పదివేలకు 300 మిల్లీలీటర్ల దాకా తగ్గుతుంది, ప్రతి రెండువేలకు డిప్‌స్టిక్ చూడాల్సి వస్తోంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు చెయిన్ ఒక సెకను గరగరమంటుంది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చాక ఆ 17.5 కూడా 16.5 దగ్గరికి దిగింది. ఇది అలాంటి పెట్రోలు కోసం చేసిన బండి కాదు కాబట్టి పెట్రోలు రబ్బరు పైపుల మీద కూడా కన్నేసి ఉంచుతున్నాను.

కొనొచ్చా అంటే, నా తిరుగుడు నెలకు 900 కిలోమీటర్లు, ఎక్కువ హైవే. నమ్మకమైన మెకానిక్ ఇంటికి దగ్గర, కూలెంట్ రెండేళ్లకోసారి నేనే మార్చుకుంటాను. ఇలా అయితే లక్షా ఇరవై వేలు తిరిగిన పెట్రోలు కారునూ కొంటాను. రోజంతా ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని తిరిగేవాళ్లు, బానెట్ తెరిచే ఓపిక లేనివాళ్లు అరవై వేల లోపు బండి చూసుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఇటుక రంగు నీళ్లు కనిపించినా బండి మిగతా అంతా బాగా నచ్చేస్తే, కంప్రెషన్ చూశాక, పాతిక వేలు తగ్గించి అడగండి. ఒప్పుకుంటే బండి మీ చేతికొచ్చిన వారంలోనే రేడియేటర్, మూత, థర్మోస్టాట్, హోసులు మార్పించేయండి.