అడవికెళ్లి సాయమా, ఇంట్లో కూర్చుని సాయమా?

వన్యప్రాణుల పరిశోధనలో వాలంటీరుగా చేరాలంటే రెండు దారులున్నాయి. మొదటిది శాస్త్రవేత్తల బృందంతో అడవికి వెళ్లడం. 1971లో అమెరికాలో మొదలైన ఎర్త్‌వాచ్ లాంటి సంస్థలు డిగ్రీలు అడగవు కానీ డబ్బు మీరే కట్టాలి, పరిశోధన ఖర్చులో కొంత అందులోంచే వెళ్తుంది. పులో చిరుతో ఎదురుపడుతుందని ఊహించుకోకండి. రోజంతా నడవడం, పాదముద్ర పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయడం, జంతువుల పెంట ఏరి సంచిలో వేసి తేదీ రాయడం, కెమెరా ట్రాప్ (జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా) బ్యాటరీలు మార్చడం... చాలావరకు ఇదే పని. ఏ జంతువూ కనబడని రోజు ఫారంలో సున్నా వేయాలి. ఆ సున్నా కూడా డేటానే.

రెండోది జూనివర్స్ అనే వెబ్‌సైట్‌లో ఫొటోలు చూసి జంతువులను గుర్తించడం. పైసా ఖర్చు లేదు. టాంజానియాలోని సెరెంగెటిలో పెట్టిన 225 కెమెరాల ఫొటోలను ఇలా వాలంటీర్లే వర్గీకరించారు. ఒక్కో ఫొటోను చాలామంది చూస్తారు కాబట్టి తప్పు చెప్తామేమోనన్న టెన్షన్ అక్కర్లేదు.

నన్నడిగితే ముందు రెండోదే. ఖాళీ గడ్డి ఫొటోలు వరసగా చూసినా విసుగు రాకపోతే, అప్పుడు డబ్బు కట్టి అడవికి వెళ్లొచ్చు. అయితే సేకరించిన డేటా ఎవరికి చేరుతోందో, దాంతో పరిశోధన పత్రాలు వచ్చాయో లేదో ముందే ఆరా తీయండి. పులి పిల్లలను ఎత్తుకుని ఫొటో దిగొచ్చని ఆశ పెట్టే చోటైతే అసలు వెళ్లకండి.