కాన్పు తర్వాత వదలని నడుమునొప్పి: ఫిజియోథెరపీయా, టమ్మీ టక్కా?

వెల్లకిలా పడుకుని తల కొద్దిగా ఎత్తినప్పుడు బొడ్డు దగ్గర వేళ్లు లోపలికి దిగితే, గర్భంతో ఉన్నప్పుడు ఎడమైన పొట్ట కండరాలు మళ్లీ దగ్గరపడలేదని అర్థం. వెన్నుకు ముందువైపు ఆసరా తగ్గడం నడుమునొప్పికి ఒక కారణం కావచ్చు.

ఖర్చు: ఫిజియోథెరపీకి విడతలవారీగా అవుతుంది. టమ్మీ టక్‌కు, అంటే పొట్ట మీది అదనపు చర్మాన్ని తీసేసి బిగించే ఆపరేషన్‌కు, ఒకేసారి పెద్ద మొత్తం కావాలి. దాన్ని సౌందర్య చికిత్స కింద లెక్కగట్టి బీమా సంస్థలు సాధారణంగా చెల్లించవు.

శ్రమ: వ్యాయామం నెలల తరబడి క్రమం తప్పకుండా చేయాలి. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు బరువులెత్తకూడదు కనుక, చంటిబిడ్డను ఎత్తుకోవడానికి ఇంట్లో మరో మనిషి లేనివారికి అది జరిగే పని కాదు.

ప్రమాదం: సరైన పర్యవేక్షణలో వ్యాయామానికి స్వల్పం. ఆపరేషన్‌లో ఇన్ఫెక్షన్, చర్మం కింద నీరు చేరడం, అరుదుగా కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టడం ఉంటాయి.

ఫలితం: ఆస్ట్రేలియాలో 214 మంది స్త్రీలపై జరిగి 2018లో వెలువడిన అధ్యయనంలో, టమ్మీ టక్ తర్వాత ఆరు నెలలకు నడుమునొప్పి బాగా తగ్గినట్టు తేలింది, అయితే ఆపరేషన్ చేయించుకోనివారితో పోల్చలేదు కనుక దానిని తుదితీర్పుగా తీసుకోకూడదు. ఉపశమనానికి ముఖ్య కారణంగా భావిస్తున్నది కండరాలను దగ్గరకు చేర్చి కుట్టడమే కాబట్టి, అది చేస్తారో లేదో సర్జన్‌ను ముందే అడగాలి.

ఆస్ట్రేలియా ప్రభుత్వ బీమా 2022 నుంచి, కండరాల మధ్య ఎడం కనీసం 3 సెంటీమీటర్లుండి, కాన్పై ఏడాది దాటి, ఆపరేషన్ లేని చికిత్సతో నొప్పి తగ్గనివారికే సాయమందిస్తోంది. ఆ వరుస ఎంతో సబబైనది. ముందుగా ఫిజియోథెరపీని మనసుపెట్టి చేయాలి; అయినా ఎడం, నొప్పి తగ్గనివారికి ఆపరేషన్ ఆలోచించదగ్గది. మళ్లీ పిల్లలు కావాలనుకునేవారు దాన్ని వాయిదా వేయాలి. నొప్పి కాలిలోకి పాకుతుంటే ముందు వెన్ను పరీక్ష చేయించుకోవాలి.