మేనేజర్ పోస్టులకు సైకోమెట్రిక్ టెస్టులు కొంటున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

మేనేజర్లను ఎంపిక చేసుకోవడానికి సైకోమెట్రిక్ టెస్టుల (మనిషి స్వభావాన్ని, సామర్థ్యాన్ని ప్రశ్నలతో కొలిచే పరీక్షల) ప్యాకేజీ కొనే ఆలోచనలో ఉన్న చిన్న, మధ్యతరహా కంపెనీల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను హైదరాబాద్ శివార్లలోని ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ చూస్తాను. డిప్యూటీ మేనేజర్ పోస్టుల కోసం పోయినేడాది మా యాజమాన్యం ఒక సంస్థ దగ్గర ఈ ప్యాకేజీ తీసుకుంది. కట్టిన డబ్బు తిరిగి రాలేదు. దానికంటే, ఆ రిపోర్టు వల్ల మా మనిషి ఒకతనికి అన్యాయం జరగబోయిందన్నదే నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

వీళ్లు అమ్మే పద్ధతి ముందు తెలుసుకోండి. మా ఎండీగారికి ఉచితంగా ఒక టెస్టు పెట్టారు. రంగురంగుల చక్రాలతో రిపోర్టు వచ్చింది. ‘మీరు పైకి గట్టిగా కనిపించినా లోపల సున్నితమైన మనిషి. నిర్ణయం తీసుకున్నాక కూడా సరిగ్గానే చేశానా అని ఒక్కోసారి ఆలోచిస్తారు’ అని ఉంది అందులో. ఆయన చదివి “అచ్చం నేనే” అన్నారు. బేరం అక్కడే కుదిరిపోయింది.

1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన క్లాసులో 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వాళ్లదేనని చెప్పి అందరికీ ఒకే రాత ఉన్న కాగితం ఇచ్చారు. మీకు ఎంతవరకు సరిపోయింది, 5కి మార్కులు వేయండి అంటే సగటున 4.26 వేశారు. అందులోని వాక్యాలు ఆయన ఏరుకున్నది ఒక జ్యోతిషం పుస్తకం నుంచి. కాబట్టి రిపోర్టు చదివి ‘నాకు భలే సరిపోయింది’ అనిపించినంత మాత్రాన టెస్టు మంచిదని నమ్మకండి. మీ దగ్గరికీ డెమోకి వస్తే ఇద్దరు డైరెక్టర్ల చేత టెస్టు రాయించి, పేర్లు తీసేసి రెండు రిపోర్టులూ ఇద్దరి ముందూ పెట్టమనండి. ఎవరిది ఏదో వాళ్లు పోల్చుకోగలరేమో చూడండి.

ఇక మా షిఫ్ట్ ఇన్‌చార్జి సంగతి. ఆపరేటర్‌గా చేరి పైకొచ్చినతను. రాత్రి షిఫ్టులో బాయిలర్ మొరాయిస్తే అందరూ మొదట ఫోన్ చేసేది అతనికే. అతని రిపోర్టులో ‘నాయకత్వ సామర్థ్యం 31’ అని ఎర్రరంగులో వచ్చింది, కింద ‘సిఫార్సు చేయడం లేదు’ అని ఒక ముక్క. బయటి నుంచి వచ్చిన ఒక అభ్యర్థికి ఆకుపచ్చలో 88. అసలేం రాశావని అతన్ని కూర్చోబెట్టి అడిగాను. ‘పై అధికారి నిర్ణయం తప్పనిపిస్తే అందరి ముందే చెప్తాను’ అన్న వాక్యం ఉందట. దానికి ‘అస్సలు కాదు’ అని పెట్టాడు. “నలుగురిలో సార్ మాట కొట్టేస్తే ఏం బాగుంటుంది మేడమ్? మీటింగ్ అయ్యాక రూమ్‌కెళ్లి చెప్తాను. చెప్పకుండా మాత్రం ఉండను” అన్నాడు. ఇలాంటి వాక్యాలే ఇంకో నాలుగైదు గుర్తుచేసుకుని చెప్పాడు. మన ఫ్యాక్టరీల్లో పనిచేసిన వాళ్లెవరైనా దీన్ని పిరికితనం అనరు. ఆ టెస్టు అంది.

ఈ 31 ఎవరితో పోలిస్తే 31 అని ఆ సంస్థను అడిగాను. టెస్టులో వచ్చే స్కోరుకు దానంతట దానికి అర్థం ఉండదు. ఇంతకుముందు అదే టెస్టు రాసిన ఒక గుంపుతో పోల్చి చెప్పేదే స్కోరు. దాన్ని నార్మ్ గ్రూప్ అంటారు. అందులో ఏ దేశం వాళ్లు, ఎంతమంది, ఏ స్థాయి ఉద్యోగులు, ఎప్పుడు రాశారు అన్నవాటికి వచ్చిన జవాబు ఒక్కటే: “గ్లోబల్ డేటా మేడమ్.” టెస్టును ఎలా తయారుచేశారో, ఎవరిపై పరీక్షించారో వివరంగా రాసి ఉండే టెక్నికల్ మాన్యువల్ పంపమంటే బ్రోచర్ పంపారు.

ఇంకోటి కూడా చూసుకోండి. ‘ఈ నాలుగింటిలో మీకు బాగా వర్తించేది ఒకటి, అస్సలు వర్తించనిది ఒకటి ఎంచుకోండి’ తరహా టెస్టులు కొన్ని ఉంటాయి. వాటిని పాత పద్ధతిలో లెక్కిస్తే ఒకే మనిషిలో ఏ గుణం ఎక్కువ, ఏది తక్కువ అన్నంతవరకే తేలుతుంది. ఇద్దరు అభ్యర్థుల స్కోర్లు పక్కపక్కన పెట్టి వీళ్లు మేలు, వాళ్లు కాదు అనడానికి అవి పనికిరావు. మాకు ఇచ్చిన ర్యాంకుల పట్టిక సరిగ్గా అలాంటి స్కోర్లతో తయారుచేసిందే. మనుషుల్ని 16 రకాలుగా విడగొట్టే మయర్స్ బ్రిగ్స్ టెస్టును కూడా నియామకాలకంటూ అంటగడుతుంటారు. ఉద్యోగులను ఎంపిక చేయడానికి దాన్ని వాడొద్దని ఆ టెస్టు వాళ్లే చెప్తారు.

పెద్దపెద్ద సంస్థలే వాడుతున్నాయి కదా అంటారు. బ్రిటన్‌లో కోఆపరేటివ్ బ్యాంకుకు 2010లో పాల్ ఫ్లవర్స్ చైర్మన్ అయ్యారు. ఆయన మెథడిస్టు చర్చి పాస్టర్, బ్యాంకింగ్ అనుభవం నామమాత్రం. 2013లో పార్లమెంటు కమిటీ ముందు తన బ్యాంకు ఆస్తులు 300 కోట్ల పౌండ్లన్నారు. అసలు లెక్క 4,700 కోట్లు. ఆ బ్యాంకులో 150 కోట్ల పౌండ్ల మూలధనం లోటు బయటపడిందీ ఆ ఏడాదే. ఆయన్ని ఎందుకు ఎంపిక చేశారని తర్వాత అదే కమిటీ ఆరా తీస్తే, సైకోమెట్రిక్ టెస్టుల్లో బాగా చేశారని ఆ బోర్డులో పనిచేసినాయన జవాబిచ్చారు.

ఒప్పందం కాగితాలు లాయర్‌కు చూపించండి. మా దాంట్లో ఉన్నవి చెప్తాను. డబ్బంతా ముందే కట్టాలి, దానిపై 18 శాతం జీఎస్టీ. వాడని టెస్టులు ఏడాదికి మురిగిపోతాయి. వద్దని ముందుగా రాసివ్వకపోతే ఒప్పందం దానంతటదే పొడిగించినట్టు. వివాదం వస్తే వాళ్ల ఊరి కోర్టుకే వెళ్లాలి. అభ్యర్థుల జవాబులు వాళ్ల దగ్గరే ఉంటాయి, తీసేయమన్నా తీసేయరు. ఆ జవాబుల్లో నిద్ర పడుతుందా, ఊరికే దిగులుగా ఉంటుందా లాంటి ప్రశ్నలవీ ఉన్నాయి. ఉద్యోగానికి వచ్చిన మనిషి ఆరోగ్యం గురించి అలా కూపీ లాగడం నాకు చాలా తప్పుగా అనిపించింది. మేనేజర్ ప్రమోషన్ కోరిన ఉద్యోగులకు ఒక కంపెనీ మానసిక రోగ నిర్ధారణలో వాడే టెస్టు పెడితే, అది వైద్య పరీక్ష కిందికే వస్తుందని, చట్టవిరుద్ధమని 2005లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది.

అన్ని టెస్టులూ మోసమని నేననను. ఎవరిపై పరీక్షించారో, ఉద్యోగంలో పనితీరుతో స్కోరు ఎంతవరకు కలిసిందో కాగితం మీద చూపించేవి ఉన్నాయి. అవైనా ఇంటర్వ్యూకి తోడుగా వాడాలి గానీ వడపోతకు కాదు. 2022లో పాల్ సాకెట్ అనే సైకాలజిస్టు బృందం ఉద్యోగుల ఎంపిక పద్ధతులపై వచ్చిన పాత పరిశోధనలను మళ్లీ లెక్కకట్టినప్పుడు, అభ్యర్థులందరినీ ముందే ఖరారు చేసుకున్న ప్రశ్నలతో ఒకే తీరుగా అడిగే ఇంటర్వ్యూయే పైన నిలిచింది. మేమూ చివరికి అదే చేశాం. మా ప్లాంటులో నిజంగా వచ్చిన సమస్యలు ఇచ్చి ఏం చేస్తారని అందరినీ అడిగాం. పోస్టు షిఫ్ట్ ఇన్‌చార్జికే వచ్చింది.

నెలాఖరులోగా సంతకం పెడితే డిస్కౌంట్ అని మీకు ఫోన్ వస్తే టెన్షన్ పడకండి. టెక్నికల్ మాన్యువల్, నార్మ్ గ్రూప్ వివరాలు మెయిల్‌లో పెట్టమనండి, డేటా ఎన్నాళ్లకు తీసేస్తారో ఒప్పందంలో రాయమనండి. అవి చేతికి వచ్చేదాకా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు.