జాగ్రత్త: విజయవాడలో ‘ఇంక్లూజివ్ స్కూల్’ అని సపోర్ట్ ఫీజు అడిగితే, డబ్బు కట్టేముందు ఇది చదవండి

అడ్మిషన్ల కోసం బెంజ్ సర్కిల్ నుంచి పోరంకి దాకా స్కూళ్ళ చుట్టూ తిరుగుతున్న అమ్మానాన్నలకి, అందులోనూ వినికిడి సమస్య, ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ లాంటివి ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ఇది రాస్తున్నాను. ఏ స్కూలో పేరు రాయను. వాళ్ళ ఫ్లెక్సీలు చూసినవాళ్ళకి, ఆ కోఆర్డినేటర్ మేడమ్‌తో మాట్లాడినవాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది.

మా పాపకి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. పుట్టుకతోనే వినపడదు, చిన్నప్పుడే ఆపరేషన్‌తో చెవి లోపల పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్ చేయించాం, తర్వాత ఏళ్ళ తరబడి విని మాట్లాడటం నేర్పే ఏవీటీ థెరపీ. మాటలు బాగా వచ్చాయి, తెలుగు గడగడా చదువుతుంది. కిందటేడు దాకా చదివిన చిన్న స్కూలు మూసేశారు. అప్పుడే ఈ స్కూలువాళ్ళు మా దగ్గర ఇంక్లూజన్ (వైకల్యం ఉన్న పిల్లల్ని అందరితో కలిపి చదివించడం) ఉంది, స్పెషల్ ఎడ్యుకేటర్ (వాళ్ళకి చెప్పే ప్రత్యేక టీచర్) ఉంది, రిసోర్స్ రూమ్ (వాళ్ళకి విడిగా నేర్పే గది) ఉంది, మీ పాపని మా మీద వదిలేయండి అన్నారు. మామూలు ఫీజు కాక సపోర్ట్ ఫీజు అని ఏడాదికి 38,000. ఆటోనగర్‌లో చిన్న స్పేర్ పార్ట్స్ షాపు నాది, ఆ డబ్బు ఎలా సర్దామో మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. పాప కోసం సర్దాం.

మా పాపకి క్లాసులో పెద్దగా ఏమీ అక్కర్లేదండీ. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, టీచర్ బోర్డు వైపు కాకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడాలి, ఎఫ్ఎం మైకు మెడలో వేసుకోవాలి. అంతే. మైకు మేమే కొన్నాం, లక్ష దాటింది. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, టీచర్ ఆ మైకు వేసుకుంటే ఆవిడ గొంతు నేరుగా పాప చెవి వెనకున్న ప్రాసెసర్‌లోకి వస్తుంది. మైకు లేకపోతే ఫ్యాన్ల చప్పుడు, బెంచీలు జరిపే చప్పుడు, పక్క సెక్షన్‌లో ఎక్కాలు, టీచర్ మాట అన్నీ కలిసి ఒకటే గోల. ఆ గోలలోంచి కావలసిన గొంతు ఒక్కటీ ఏరుకోవడం మన చెవికి తేలికేగానీ ఇంప్లాంట్ ఉన్న పిల్లలకి చాలా కష్టం, టీచర్ దూరమయ్యేకొద్దీ ఇంకా కష్టం. రోజూ ఇలా చెవులు రిక్కించి వినీ వినీ సాయంత్రానికి పిల్ల సొమ్మసిల్లిపోతుంది. ఇదంతా ఆడియాలజిస్ట్ రాసిచ్చిన కాగితంతో సహా జూన్‌లోనే వాళ్ళ చేతికిచ్చాం. ఏ పీరియడ్‌కి వచ్చిన టీచర్ ఆ పీరియడ్‌లో మైకు వేసుకుంటారని కోఆర్డినేటర్ మేడమ్ మా ఎదురుగానే ఫైల్లో రాసుకున్నారు.

దసరా తర్వాత నుంచి డిక్టేషన్‌లో సున్నాలు మొదలయ్యాయి. డైరీలో ‘శ్రద్ధ లేదు’, ‘క్లాసులో దిక్కులు చూస్తోంది’ అని ఎర్ర ఇంకుతో రాసి పంపేవారు. హిందీ డిక్టేషన్‌కైతే గోడ దగ్గర నిలబెట్టారట. పాపని అడిగితే ‘అర్థమవుతోంది నాన్నా’ అనేది. వినపడని పిల్లలు చాలామంది అంతే, మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కుంటారని తలూపేస్తారు.

పోయిన వారం ప్రాసెసర్ బ్యాటరీ అయిపోయిందని స్కూల్ నుంచి ఫోన్ వస్తే స్పేర్ బ్యాటరీ తీసుకుని వెళ్ళాను. ఆయా పాపని బయటికి తీసుకొచ్చింది, బ్యాటరీ మార్చి మళ్ళీ క్లాసులోకి పంపించి, వెళ్ళిపోకుండా కిటికీ దగ్గర నిలబడి చూశాను. పాపది వెనక నుంచి రెండో బెంచీ. నెత్తిమీద ఫ్యాను టకటకా కొట్టుకుంటోంది. సోషల్ టీచర్ బోర్డు వైపు తిరిగి రాస్తూనే నోట్స్ చెప్పుకుంటూ పోతున్నారు, మెడలో ఐడీ కార్డు ఉంది, మైకు లేదు. పక్కనున్న అమ్మాయి తన నోట్‌బుక్ మా పాప వైపు వాల్చి పెట్టింది, పాప అందులోంచి చూసి ఎక్కించుకుంటోంది. ఆ అమ్మాయి ఒక పేజీ అయిపోయి తిప్పబోయి ఆగింది, మా పాప ఆఖరి లైను రాసేదాకా ఆగి అప్పుడు తిప్పింది. 38,000 తీసుకున్నవాళ్ళు చేయని పని ఆ తొమ్మిదేళ్ళ పిల్ల చేస్తోంది, ఎవరూ చెప్పకుండానే. ఆ తల్లి చల్లగా ఉండాలి.

ఆఫీసుకి వెళ్ళి మైకు ఎక్కడ అని అడిగాను. ముందు క్లాసులో ఉందన్నారు, తర్వాత చార్జింగ్‌లో పెట్టామన్నారు. నేను కుర్చీలోంచి లేవకపోయేసరికి కోఆర్డినేటర్ మేడమ్ బీరువా తెరిచి, పాత అటెండెన్స్ రిజిస్టర్ల కింద నుంచి తీశారు. మేం ఇచ్చిన పౌచ్‌లోనే ఉంది, దాని తాడుకి మేం వేసిన రబ్బరు బ్యాండు కూడా విప్పలేదు. ఆన్ చేస్తే లైటు వెలగలేదు.

ఎందుకు వాడలేదండీ అంటే ఆవిడ చెప్పిన మాట ఇది: ‘టీచర్స్‌కి అది మెడలో వేసుకోవడం ఇబ్బందిగా ఉందండి, మాట్లాడేదంతా ఎక్కడ రికార్డయి పేరెంట్స్‌కి వెళ్తుందోనని టెన్షన్ పడుతున్నారు.’ అది రికార్డు చేసే వస్తువు కాదని మొదటి రోజే చూపించి చెప్పాం. సరే, భయపడ్డారు, ఆ ముక్క నాతో ఎందుకు అనలేదు? దానికి జవాబు లేదు. ఫైలు చూపించమన్నాను. ప్రతి నెలా రిపోర్టులో ‘ఎఫ్ఎం వాడకం’ అన్న గడిలో టిక్కు పెట్టి కింద స్పెషల్ ఎడ్యుకేటర్ సంతకం. బీరువాలో పడున్న మైకుకి నెలనెలా టిక్కు!

ఈలోగా పాపని కూడా పిలిపించారు. ప్రిన్సిపాల్ గారు వచ్చి కూర్చుని, పాప నా పక్కనే నిలబడి ఉండగా అన్నారు: ‘సార్, మానవతా దృక్పథంతో సీటిచ్చాం. ఒక్క పిల్ల కోసం నలభై మంది పిల్లల్ని ఆపలేం కదా. ఇలాంటి పిల్లలకి వేరే స్కూళ్ళున్నాయి, అక్కడైతే వాళ్ళకీ సుఖం, మాకూ సుఖం. కావాలంటే టీసీ ఇవాళే ఇచ్చేస్తాం.’

ఆ గదిలో ఏసీ ఉంది, తలుపు వేసి ఉంది, చప్పుడు లేదు. క్లాసులో పాఠం వినపడని పిల్లకి అక్కడ ఆయన అన్న ప్రతి మాటా వినపడింది. బండి మీద ఇంటికి వస్తూ వారధి దగ్గర ఆగినప్పుడు అడిగింది, ‘నాన్నా, ఇలాంటి పిల్లలంటే ఎవరు?’ అని. నా కోపమంతా దాని గురించే. డబ్బు పోతే షాపులో మళ్ళీ సంపాదించుకుంటాను.

సపోర్ట్ ఫీజు తిరిగి ఇవ్వమంటే ‘నాన్ రిఫండబుల్, ఫారమ్ వెనక రాసుంది’ అన్నారు. గేటు పక్కన ఫ్లెక్సీ మీద మాత్రం యాన్యువల్ డేలో తీసిన మా పాప ఫొటో ఇంకా ఉంది, చెవి వెనక ప్రాసెసర్ బాగా కనపడేలా తీసి పెద్దది చేసి వేశారు. తీసేయమని చెప్పి వచ్చాను, ఇది రాసేసరికి ఇంకా తీయలేదు.

మానవత్వం అన్నారు కాబట్టి ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇది ఎవరి దయా కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అందులో 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిధులు తీసుకునే స్కూళ్ళే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ వైకల్యం ఉన్న పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఆ పిల్లకి ఏం అవసరమో దాన్నిబట్టి సౌకర్యం కల్పించాలి. 17వ సెక్షన్‌లో పరీక్షకి అదనపు సమయం, రెండో భాష, మూడో భాష నుంచి మినహాయింపు లాంటివి ఉన్నాయి. అంటే గోడ దగ్గర నిలబెట్టిన ఆ హిందీ నుంచి పాపకి మినహాయింపు అడిగే దారి చట్టంలోనే ఉంది, ఇంక్లూజన్ అని బోర్డు పెట్టినవాళ్ళు ఆ సంగతి మాకు ఒక్కసారీ చెప్పలేదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 దాకా, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా.

ఇంకొకటి, ఇది నాకు వైకల్యం ఉన్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో సహిత విద్య (ఇంక్లూజన్) టీచర్ గారు చెప్పారు (ఆవిడ మైకు చేతిలోకి తీసుకోగానే ఆన్ చేసి చూశారు, పాపని తన ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడారు, ఆ ఒక్క పనికే నాకు కళ్ళు చెమర్చాయి). స్పెషల్ ఎడ్యుకేటర్ అంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్‌లో, అంటే ఆర్‌సీఐలో రిజిస్టర్ అయి ఉండాలి, వాళ్ళకి సీఆర్ఆర్ నంబరు అని ఒక రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. 1992 నాటి చట్టం ప్రకారం ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేయడం నేరం. అందులోనూ వినికిడికి వేరే, మానసిక వైకల్యానికి వేరే, చూపుకి వేరే చదువులుంటాయి. మా స్కూల్లో సంతకం పెట్టినావిడకి నంబరు లేదు, ఏదో చైల్డ్ సైకాలజీ ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఉంది. ఆవిడే మిగతా సెక్షన్లకి డ్రాయింగ్ కూడా చెప్తారు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా అయితే వైకల్యం ఉన్న పిల్లలు 10 మందికి ఒక స్పెషల్ టీచర్, ఆరు నుంచి ఎనిమిది దాకా అయితే 15 మందికి ఒకరు ఉండాలని, 2021లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2022లో కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ స్కూల్లో స్కూలంతటికీ ఈవిడ ఒక్కరే.

కాబట్టి చేర్పించేముందు స్పెషల్ ఎడ్యుకేటర్ సీఆర్ఆర్ నంబరు అడగండి, ఏ విభాగంలో చదివారో అడగండి, ఆర్‌సీఐ వెబ్‌సైట్లో చూసుకోవచ్చు. రిసోర్స్ రూమ్‌ని యాన్యువల్ డే రోజు కాదు, మామూలు రోజు చూపించమనండి. పాపకి ఏమేం చేస్తారో ఒక కాగితం మీద రాయించి స్టాంపు వేయించుకోండి, సపోర్ట్ ఫీజుకి విడిగా రసీదు తీసుకోండి. ఇప్పటికే చదువుతున్న వాళ్ళ అమ్మానాన్నలతో గేటు బయట మాట్లాడండి.

మేం డీఈఓ ఆఫీసులో కంప్లైంట్ ఇచ్చాం, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా ఇస్తున్నాం, దివ్యాంగుల కమిషనర్‌కి వేరే రాస్తున్నాం. నెలనెలా టిక్కులు పెట్టిన రిపోర్టులన్నీ ఫొటోలు తీసి పెట్టుకున్నాను. అదే స్కూల్లో సపోర్ట్ ఫీజు కట్టినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారని ఆయానే చెప్పింది. మీరు వాళ్ళలో ఒకరైతే రేపే వెళ్ళి మీ పిల్లల ఫైలు చూడండి, రసీదులు జాగ్రత్త చేయండి, సోమవారం పొద్దున పదింటికల్లా కలెక్టరేట్‌కి రండి. నేను అక్కడే ఉంటాను.