కరెంటు పెట్టించుకునే చర్మానికి మెపిటెల్ ఫిల్మ్: పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుందా?

రేడియేషన్‌ని మన దగ్గర చాలామంది "కరెంటు పెట్టడం" అంటారు. మెషిన్ కింద పడుకున్నప్పుడు వేడీ తెలియదు, నొప్పీ తెలియదు. రెండు మూడు వారాలు గడిచాక చర్మం కమిలి నల్లబడుతుంటే అప్పుడు మెడికల్ షాపుకి పరుగు మొదలవుతుంది. అక్కడ చేతికొచ్చేవి కలబంద జెల్, తెల్లటి సిల్వర్ క్రీము, ఊదారంగు జి.వి. పెయింటు, లేదంటే ఏదో ఒక పౌడరు. వీటిలో ఏదీ చర్మం ఊడకుండా ముందే కాపాడుతుందని నమ్మకంగా చెప్పలేం. అలా కాపాడుతుందని గట్టి రుజువున్న కొద్దివాటిలో మెపిటెల్ ఫిల్మ్ ఒకటి. స్వీడన్ కంపెనీ మోల్న్‌లికే తయారీ. చవక సరుకు కాదు కాబట్టి కొనేముందు ఎవరికి పనికొస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో తెలుసుకోవాలి.

చూడ్డానికి పల్చటి, సాగే ప్లాస్టిక్ పొర. ఒక వైపు సిలికాన్ జిగురు ఉంటుంది, మందు చుక్క కూడా ఉండదు. రేడియేషన్ దెబ్బ చర్మం అడుగున కొత్త కణాలు పుట్టే వరస మీద పడుతుంది. పై పొర మాత్రం రోజూ రాలుతూనే ఉంటుంది. కింద భర్తీ లేదు, పైన అరుగుదల ఆగదు. అందుకే దెబ్బ మొదటి రోజున కాకుండా రెండు మూడు వారాలకు బయటపడుతుంది. జాకెట్టు కుట్టు, చంక, రొమ్ము కింది మడత, పుస్తెలతాడు ఒరుసుకునే చోటు: పొట్టు లేచి రసి కారడం చాలావరకు ఇలాంటి చోట్లే మొదలు. ఫిల్మ్ ఆ ఒరుపును తన మీద వేసుకుంటుంది, అంతే. జిగురు సిలికాన్ కావడంతో తీసేటప్పుడు పై పొరను లాక్కుని రాదు. మామూలు ప్లాస్టర్ టేపుతో ఆ భయం ఎప్పుడూ ఉంటుంది.

రుజువు సంగతి. న్యూజిలాండ్‌లో 78 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో చేసిన పరీక్ష 2014లో వచ్చింది. ఒకే మనిషికి రేడియేషన్ తగిలే చోటును రెండు భాగాలు చేసి ఒకదానికి ఫిల్మ్, రెండోదానికి మామూలు క్రీము వాడారు. క్రీము రాసిన వైపు 26 శాతం మందిలో చర్మం తడిగా ఊడింది. ఫిల్మ్ కింద ఒక్కరిలోనూ ఊడలేదు. కెనడాలో 376 మందితో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో రెండో గ్రేడు (బాగా కమలడం, మడతల్లో తడిగా ఊడటం), ఆపై దెబ్బ ఫిల్మ్ వేసినవాళ్లలో 15.5 శాతం, వేయనివాళ్లలో 45.6 శాతం. ఒంటి మీద ఫిల్మ్ ఉందో లేదో రోగికి తెలియకుండా దాచలేరు కాబట్టి అంకెల్లో కొంత మొగ్గు ఉండొచ్చు. అయినా ఇంత తేడా మొగ్గు వల్లనే వచ్చిందనుకోలేం.

షాపులో ముందు జాగ్రత్తపడాల్సింది పేరు విషయంలో. "మెపిటెల్" అని అడిగితే చాలాసార్లు చేతికిచ్చేది చిల్లులున్న వల లాంటి డ్రెస్సింగ్. అది పుండు మీద పరిచేది, ఇది కాదు. పెట్టె మీద "ఫిల్మ్" అనే మాట ఉండాలి. సెలైన్ సూదిని పట్టి ఉంచడానికి అంటించే పారదర్శక స్టిక్కర్లు దీనికి బదులు కావు. వాటి జిగురు వేరు. జర్మనీ కంపెనీ హార్ట్‌మన్ తయారుచేసే హైడ్రోఫిల్మ్‌కి మాత్రం విడిగా రుజువుంది. క్యాన్సర్ రోగుల బాధలు తగ్గించే వైద్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ మాస్క్ (MASCC) 2023లో ఇచ్చిన నిపుణుల సిఫార్సుల్లో దానికీ చోటు దొరికింది.

ఫిల్మ్ ఫలితమంతా అంటించే పనితనంలోనే ఉంది. మొదటి రేడియేషన్‌కి ముందే వేయాలి. కమిలాక వేస్తే సగం లాభం పోయినట్టే. ఆ రోజు క్రీము, నూనె, పౌడరు ఏవీ రాయకూడదు. గోరువెచ్చటి నీళ్లతో కడిగి, అద్ది, పూర్తిగా ఆరనివ్వాలి. రొమ్ముకి వేసేటప్పుడు చెయ్యి తల మీదికి, అంటే మెషిన్ కింద పడుకునే భంగిమలోనే పెట్టాలి. చెయ్యి కిందికి ఉంచి అంటిస్తే తర్వాత పైకెత్తగానే ఫిల్మ్ లాగుతుంది, చంక దగ్గర లేస్తుంది. ఫిల్మ్‌ని సాగదీసి అంటించడం అందరూ చేసే పొరపాటు. సాగిన ఫిల్మ్ వెనక్కి ముడుచుకుంటూ చర్మాన్ని గుంజుతుంది, అంచున పొక్కులొస్తాయి. పెద్ద షీటును అలాగే పరిస్తే గుండ్రటి చోట ముడతలు పడతాయి. 15×20 సెంటీమీటర్ల షీటును రెండు మూడు ముక్కలు చేసి, మూలలు గుండ్రంగా కత్తిరించి, మధ్య నుంచి బయటికి వేలితో నొక్కుతూ వేయాలి. రేడియేషన్ గీతలు దాటి రెండు సెంటీమీటర్లు బయటికి రావాలి. గీతలు ఫిల్మ్ కింద పడినా కనిపిస్తూనే ఉంటాయి, చెరిగే గొడవ తగ్గుతుంది. ముందుగా టెక్నీషియన్‌కి చెప్పి వేయించుకోండి.

స్నానం ఫిల్మ్ తోనే చేయొచ్చు. అంచు లేస్తే మొత్తం పీకేయకుండా లేచినంత మేర కత్తెరతో కత్తిరిస్తే సరిపోతుంది. బాగా లేస్తేనో, కింద చెమట నిలిస్తేనో మార్చాలి. లేకపోతే వారం రెండు వారాలు ఉంటుంది. ఛాతీ గోడకి ఒకసారికి రెండు మూడు పెద్ద షీట్లు పడతాయి. రేడియేషన్ 15 సిట్టింగులైతే మూడు వారాలు, ఆ తర్వాత ఇంకో రెండు వారాలు. మొత్తానికి ఎన్నిసార్లు మార్చాల్సి వస్తుందో లెక్కవేసుకుని కొనండి. 25 సిట్టింగులైతే ఖర్చు ఆ మేరకు పెరుగుతుంది.

మన వాతావరణంలో దీని బలహీనత చెమట. ఎండాకాలంలో చంకలో, రొమ్ము కింది మడతలో రెండు మూడు రోజులకే చుట్టచుట్టుకుపోతుంది. ఆ ముద్దే ఒరుసుకునే వస్తువవుతుంది. మడత లోపలికి చిన్న ముక్క విడిగా వేయడం, నిలవకపోతే ఆ ఒక్కచోటే వదిలేసి మెత్తటి పాత నూలు గుడ్డను మడతలో పెట్టడం మేలు. మెడకి వేస్తే గడ్డం అడ్డు. బ్లేడు పెట్టకూడదు, ట్రిమ్మరుతో పొట్టిగా కత్తిరించాలి. నోరు, గొంతు క్యాన్సర్లకు ముఖానికి బిగించే ప్లాస్టిక్ మాస్క్ కింద ఫిల్మ్ నలగకుండా చూసుకోవాలి. ఈ క్యాన్సర్లకు 33 నుంచి 35 సిట్టింగుల్లో 66 నుంచి 70 గ్రే (రేడియేషన్ డోసు కొలత) దాకా ఇస్తారు, పక్కనే సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు కూడా పడుతుంది. మెడ చర్మానికి అది పెద్ద పరీక్ష.

ఫిల్మ్ కొనలేనివాళ్లకి మంచి దారి మొమెటాసోన్ అనే స్టిరాయిడ్ 0.1 శాతం క్రీము. డాక్టర్ చీటీతోనే. రోజుకి ఒకటి రెండుసార్లు, మొదటి సిట్టింగు నుంచే. రొమ్ము తీసేశాక ఛాతీకి రేడియేషన్ తీసుకున్నవాళ్లపై 2018లో వచ్చిన పరీక్షలో మామూలు క్రీము రాసినవాళ్లలో సుమారు 67 శాతం మందికి చర్మం తడిగా ఊడితే, మొమెటాసోన్ రాసినవాళ్లలో అది 44 శాతం దగ్గర ఆగింది. 2011లో 176 మందితో వచ్చిన అంతకుముందటి పరీక్షలో గ్రేడు పెద్దగా తగ్గలేదు గానీ దురద, మంట తగ్గాయి. కొలత: చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండిన క్రీము అర గ్రాము, అది రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. రోజుకి గ్రామున్నర పడితే 15 గ్రాముల ట్యూబు పదిరోజులే. ట్యూబు పేరు చివరి అక్షరం తప్పక చూడండి. మోమేట్ అంటే ఒట్టి మొమెటాసోన్. మోమేట్-ఎస్‌లో సాలిసిలిక్ ఆసిడ్ కలిసి ఉంటుంది, అది చర్మాన్ని ఒలిచే మందు. రేడియేషన్ చోటుకి అది రాస్తే చేజేతులా పుండు చేసుకున్నట్టే. చర్మం ఊడి రసి కారే చోట మొమెటాసోన్ ఆపేయాలి. మడతల్లో తెల్లగా, దురదగా కనిపిస్తే ఫంగస్ పట్టిందేమో చూపించాలి.

సిట్టింగుకి ముందు ఒంటి మీద క్రీము చుక్క ఉన్నా ప్రమాదమనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 2018లో జరిపిన కొలతల్లో, ఒకటి రెండు మిల్లీమీటర్ల పూతకి చర్మం మీద డోసు మారలేదు. మూడు మిల్లీమీటర్లు దాటి మందంగా పూస్తేనే పెరిగింది. పొద్దున రాసుకుని మర్చిపోయి వస్తే కంగారేమీ లేదు, గుడ్డతో అద్దేస్తే చాలు. స్నానం మానాల్సిన పని కూడా లేదు. మెత్తటి సబ్బు, చేత్తోనే. సున్నిపిండి, పీచు, పసుపు మాత్రం పక్కన పెట్టాలి. పుస్తెలు తీయడానికి ఇష్టపడనివాళ్లు నల్లపూసల గొలుసు బదులు మెత్తటి దారంతో పొడవుగా కట్టుకుని, రేడియేషన్ లేని పక్కకి జరిపి ఉంచుకోవచ్చు.

ఆసుపత్రి పటాల్లో రేడియేషన్ దెబ్బకి మొదటి గుర్తు "ఎర్రబడటం" అని రాసి ఉంటుంది. చామనఛాయ, నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు. ఊదాగా నల్లబడటం, చెయ్యి పెడితే వెచ్చగా తగలడం, బిగుసుకున్నట్టుండటం, ఇవీ మనవాళ్లు చూసుకోవాల్సిన గుర్తులు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా కొందరికి రసి కారుతుంది. అప్పుడు పనికొచ్చేది మెపిలెక్స్ లైట్ లాంటి పల్చటి సిలికాన్ ఫోమ్. రసిని పీల్చుకుంటుంది, నొప్పి లేకుండా ఊడివస్తుంది. తడిసేదాన్ని బట్టి రెండు మూడు రోజులకోసారి మార్చాలి, సిట్టింగు రోజున తీయాలో వద్దో డిపార్ట్‌మెంట్‌లో అడగాలి. టేపు వేయకుండా మెత్తటి బనియను తోనో, వల గొట్టం బ్యాండేజీ తోనో పట్టి ఉంచాలి. కడగడానికి నార్మల్ సెలైన్ ఉత్తమం. దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే తలకొట్టిన టీ చెంచాన్నర. గాజ్ (పల్చటి కట్టు గుడ్డ) అందులో తడిపి పదిహేను నిమిషాలు, రోజుకి మూడు నాలుగుసార్లు పరిస్తే మంట బాగా చల్లారుతుంది. పారఫిన్ పూసిన గాజ్ చవకే, పని కూడా చేస్తుంది. కానీ రోజు దాటితే ఎండి అతుక్కుంటుంది, రోజూ మార్చే ఓపిక ఉంటేనే తీసుకోండి.

సిల్వర్ సల్ఫాడయజిన్, అంటే ఆ తెల్లటి సిల్వర్ క్రీము, పుండు పడ్డాకే, అదీ ఇన్‌ఫెక్షన్ భయం ఉన్నచోటే. సల్ఫా మందులు పడనివాళ్లకి వద్దు. మందంగా మెత్తితే కింద పుండు ఎలా ఉందో కనిపించదు కాబట్టి రోజూ పాతది కడిగి కొత్తది పల్చగా పూయాలి. జి.వి. పెయింటు కొనకండి. ఎండబెట్టి పగుళ్లు తెస్తుంది, రంగు కింద ఏం జరుగుతోందో డాక్టరుకి కూడా తెలియనివ్వదు. పైగా దీని వల్ల క్యాన్సర్ ముప్పు ఉండొచ్చని కెనడా ఆరోగ్యశాఖ 2019లో హెచ్చరించింది. కలబంద జెల్‌కి ఆస్ట్రేలియాలో 2002లో వచ్చిన పరీక్షలో మామూలు క్రీము కన్నా తక్కువ మార్కులే పడ్డాయి. పెరట్లో కోసిన కలబంద మట్టయితే పసుపురంగు పాలు మరింత మండిస్తాయి. పౌడరు మడతల్లో చెమటతో కలిసి గడ్డకడుతుంది. స్పిరిటు, డెట్టాలు, హైడ్రోజన్ పెరాక్సైడు దగ్గరికి రానివ్వొద్దు.

ఆఖరి సిట్టింగు అయిపోయిందని ఫిల్మ్ పీకేయడం ఎక్కువమంది చేసే తప్పు. చర్మం బాగా దెబ్బతినేది ఆ తర్వాత వారం పదిరోజుల్లోనే. కనీసం రెండు వారాలు ఉంచి, స్నానంలో తడిపి, ఒక మూల పట్టి పైకి కాకుండా పక్కకి, చర్మానికి సమాంతరంగా సాగదీస్తూ తీయాలి. ఈలోగా పచ్చటి చీము, దుర్వాసన, చుట్టూ వేగంగా పాకే వాపు కనిపించినా, 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కీమో కూడా నడుస్తుంటే ఆ జ్వరానికి రాత్రి పొద్దుపోయినా తెల్లారేదాకా ఆగకూడదు.