బద్లాపూర్: పదేళ్లలో అయిదుసార్లు చూసిన తరువాత

శ్రీరామ్ రాఘవన్ దర్శకత్వం వహించిన హిందీ చిత్రం ‘బద్లాపూర్’ 2015 ఫిబ్రవరి 20న విడుదలైంది. అప్పట్లో నేను ఉద్యోగరీత్యా పుణెలో ఉండేవాణ్ణి. మరునాడు శనివారం రాత్రి ఆటకు వెళ్లేసరికి పది నిమిషాలు ఆలస్యమైంది. ఆరంభాన్ని వదులుకోవద్దని ప్రచారంలోనే ప్రేక్షకులను హెచ్చరించిన చిత్రానికి నేను ఆరంభాన్నే వదులుకుని కూర్చున్నాను. భార్యనూ కొడుకునూ పోగొట్టుకున్న యువకుడి దుఃఖం దగ్గర మొదలుపెట్టి, ఆ దుఃఖాన్నే పట్టుకుని చివరిదాకా చూశాను. అతని పగ తీరాలని మనసారా కోరుకున్నాను. తీరా ముగింపు వచ్చేసరికి, దర్శకుడు నన్ను మోసగించాడన్న కోపంతో హాలు విడిచి వచ్చాను. ఆ తరువాత మరో నాలుగుసార్లు చూశాను. ఆ కోపం ఎలా కరిగిపోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముగింపుతో సహా కథంతా ప్రస్తావించక తప్పదు కనుక, ఇంకా చూడనివారు చూసిన తరువాత చదవడం మేలు.

రెండోసారి ఇంట్లో, మొదటి క్షణం నుంచి చూశాను. చిత్రం ఒక సామెతతో మొదలవుతుంది: గొడ్డలి మరచిపోతుంది, చెట్టు మరచిపోదు. వెనువెంటనే ఒక మామూలు వీధి కనిపిస్తుంది. కెమెరా దూరంగా, కదలకుండా ఉండి, వచ్చేపోయే వాహనాలనూ మనుషులనూ చూస్తూ ఉంటుంది. వారిలో ఎవరి మీద దృష్టి నిలపాలో మనకు చెప్పదు. ఆ సందడి మధ్యలోనే బ్యాంకును దోచుకున్న ఇద్దరు బయటికి పరుగెత్తుకొచ్చి, కొడుకుతో కలిసి వెళ్లబోతున్న ఒక తల్లి కారులోకి చొరబడతారు. మొదటిసారి చూస్తున్నవారికి ఆమె ఎవరో కూడా తెలియదు. తరువాతి కొద్ది నిమిషాల్లో వేగంగా పోతున్న కారులో నుంచి పిల్లవాడు కింద పడిపోతాడు, తల్లి తుపాకీ గుండుకు బలవుతుంది. ఆ నేరం వెనుక పగ లేదు, పన్నాగం లేదు. ఉన్నదల్లా పట్టుబడతామన్న భయమూ, ఆ భయంలో పుట్టిన క్రూరత్వమూ. హాల్లో నేను కోల్పోయింది ఈ కొద్ది నిమిషాలనే. అవి లేకపోవడం వల్ల, చంపినవాణ్ణి మనిషిగా చూసే అవకాశం ఆ రాత్రి నాకు లేకుండా పోయింది.

చనిపోయిన ఆ తల్లి పేరు మిశ. ఆమె భర్త రఘు ఒక ప్రకటనల సంస్థలో పనిచేసేవాడు. దొంగల్లో ఒకడైన లాయక్ తన తోడుదొంగను తప్పించి, తాను పోలీసులకు దొరికిపోతాడు. హత్యలు చేసింది పారిపోయినవాడేనని బొంకి, ఇరవయ్యేళ్ల శిక్షతో జైలుకు వెళతాడు. రఘు పుణెను వదిలి బద్లాపూర్‌లో ఒంటరిగా కాపురం పెట్టి, పదిహేనేళ్లు ఎదురుచూస్తాడు. ఠాణే జిల్లాలోని ఈ ఊరు కల్పితం కాదు. హైదరాబాదు నుంచి ముంబయికి హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లేవారు కర్జత్ దాటిన తరువాత, కల్యాణ్ చేరకముందు ఈ స్టేషను మీదుగానే పోతారు. హిందీలో బద్లా అంటే ప్రతీకారం కనుక, కథానాయకుడు తన పగ పేరుగల ఊళ్లోనే నివాసం ఏర్పరచుకున్నాడన్న భావం ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోయింది.

అంతకు ముందు సంవత్సరం వరకూ హాస్య, ప్రేమకథా చిత్రాల్లో ఉత్సాహంగా నర్తించిన వరుణ్ ధావన్‌ను ఈ పాత్రకు ఎంచుకోవడం దర్శకుడి సాహసమే. నెరిసిన గడ్డంతో, మరో పదిహేనేళ్ల వయసు మీదపడిన మనిషిగా అతను పూర్తిగా నమ్మించలేకపోయాడన్నది నేటికీ నా అభిప్రాయం. అయితే చూసిన కొద్దీ మరొకటి గమనించాను. నవ్వితే ముద్దొచ్చే ఆ ముఖమే నవ్వు మానేసి, జాలిని కూడా విడిచిపెట్టినప్పుడు, కరడుగట్టిన నటుడెవరూ కలిగించలేని భయాన్ని కలిగిస్తుంది. అతని పట్ల ప్రేక్షకులకు అప్పటికే ఉన్న మమకారాన్ని దర్శకుడు కథకు పెట్టుబడిగా వాడుకున్నాడు. నేను మొదటిసారి రఘు పక్షాన అంత గాఢంగా నిలబడటానికి అదీ ఒక కారణమే.

ఇక లాయక్‌గా నవాజుద్దీన్ సిద్దిఖీ గురించి ఎంత చెప్పినా తక్కువే. అతను కొంటెవాడు, అబద్ధాలకోరు, ప్రియురాలు ఝిమ్లీ అంటే ప్రాణం పెట్టేవాడు, తల్లిని విసిగిస్తూనే ఆమె లేకుండా ఉండలేనివాడు. జైల్లో ఉన్నంత కాలమూ తప్పించుకునే ఉపాయాలే వెతుకుతాడు. అతని వెకిలితనానికి మనం నవ్వుతాం, నవ్విన మరుక్షణమే వీడు ఒక పసివాడి చావుకు కారకుడు కదా అని గుర్తొచ్చి ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. ఇలాంటి అలజడిని నేను చాలా కొద్ది చిత్రాల్లో అనుభవించాను. నటుడు ఎక్కడా మన సానుభూతిని అడుక్కోడు. లాయక్ మంచివాడని నమ్మించే ప్రయత్నం ఒక్క చూపులోనూ చేయడు. కడుపులో క్యాన్సర్ ముదిరిన తరువాత కూడా అతని ఆశ చావదు. శోభ అనే సంఘసేవకురాలి ప్రయత్నంతో విడుదలై బయటికి వచ్చినప్పుడు, మిగిలి ఉన్న కొద్ది రోజులను అతను అనుభవించే తీరు నాకు మరింత బాధ కలిగించింది.

మూడోసారి చూసినప్పుడు మా మేనమామ పక్కన ఉన్నారు. ఆయన జైలు వార్డరుగా చేసి పదవీ విరమణ పొందినవారు. హిందీ అంతంత మాత్రమే వచ్చినా, చిత్రమంతా కదలకుండా చూశారు. లాయక్ తల్లి పాత్ర వచ్చినప్పుడల్లా ముందుకు వంగి కూర్చున్నారు. తరువాత ఆయన చెప్పినదాని సారాంశం ఇది: ములాఖత్‌కు మొదటి ఏడాది బంధువులంతా వస్తారు, పదేళ్లు గడిచేసరికి తల్లి ఒక్కతే మిగులుతుంది, ఆమె కూడా రాకపోతే ఖైదీ తేదీలు లెక్కపెట్టడం మానేస్తాడు. ఆయన మాటలు విన్నాక భాగవతం ప్రథమ స్కంధంలోని ద్రౌపది గుర్తొచ్చింది. నిద్రలో ఉన్న తన అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చినప్పుడు, తనలాగా అతని తల్లి కృపి కూడా ఏడవకూడదని, విడిచిపెట్టమని ఆమె వేడుకుంటుంది. రఘు ముందు కూడా అలాంటి తల్లి ఒకతె ఉంది; అతను ఆమెను చూస్తాడు గానీ ఆమె దుఃఖాన్ని చూడడు.

చిత్రంలో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే అంశం స్త్రీ పాత్రల పట్ల వ్యవహరించిన తీరు. లాయక్ మీది కసితో రఘు ఝిమ్లీని హింసించడం, తోడుదొంగ హర్మన్ ఆచూకీ దొరికాక అతని భార్య కంచన్‌ను అతని ఇంట్లోనే అవమానించడం చూడటానికి కష్టమైన సన్నివేశాలు. నాలుగోసారి నాతో కలిసి చూసిన నా భార్య, ‘ఇందులో వీళ్లు చేసిన తప్పేమిటండీ?’ అని అడిగింది. అది రఘు పతనమే తప్ప దర్శకుడి ఆమోదం కాదని నేను వాదించాను. ఆ వాదనను ఈనాటికీ వదులుకోలేదు. అయినా ఆమె ప్రశ్నకు అది సగం జవాబే. ఝిమ్లీగా హ్యూమా ఖురేషీ, కంచన్‌గా రాధికా ఆప్టే, శోభగా దివ్యా దత్తా ముగ్గురూ తమకు దక్కిన కొద్ది సమయంలోనే నిండైన మనుషులను చూపించారు. కానీ వారి బాధ మగవాళ్ల లెక్కలు తేల్చడానికి పనికివచ్చినంత మేరకే కథలో నిలిచింది. ఆ అవమానం తరువాత కంచన్ మనసులో ఏముందో మరికొంత చూపించి ఉంటే, చిత్రం ఇంకా గొప్పదయ్యేది.

అనిల్ మెహతా ఛాయాగ్రహణం ఎక్కడా తన నైపుణ్యాన్ని ప్రదర్శించుకోదు. సచిన్–జిగర్ పాటలు వినడానికి హాయిగా ఉన్నా, వాటి కోసం ఎవరూ ఈ చిత్రాన్ని మళ్లీ చూడరు.

ముగింపు దగ్గరికి వస్తాను. రఘు హర్మన్‌నూ కంచన్‌నూ సుత్తితో కొట్టి చంపుతాడు. ఆ ఇద్దరిలో కంచన్‌కు బ్యాంకు దోపిడీతో సంబంధమే లేదు. నిజానికి మిశ మరణానికి కారకుణ్ణి తానేనని లాయక్ చివరికి ఒప్పుకుంటాడు. తాను ఆవేశంలో చేసిన పనిని రఘు చల్లని బుర్రతో చేశాడు కదా అన్న ప్రశ్నను అతని ముందు ఉంచుతాడు. ఆ తరువాత ఆ జంట హత్యలను తన మీద వేసుకుని తిరిగి జైలుకు వెళ్లి, కొన్ని నెలలకు అక్కడే క్యాన్సర్‌తో చనిపోతాడు. లాయక్ నీకు రెండో అవకాశం ఇచ్చి పోయాడని ఝిమ్లీ వచ్చి రఘుకు చెబుతుంది. మొదటిసారి నన్ను కోపంతో బయటికి పంపింది ఈ ఘట్టమే. హంతకుడికి త్యాగమూ, బాధితుడికి అపరాధమూ పంచిపెట్టడం అన్యాయమనిపించింది. మళ్లీ మళ్లీ చూసిన తరువాత, ఆ పంపకం దర్శకుడు చేసింది కాదనీ, పదిహేనేళ్ల పాటు రఘు తన చేతులతో తానే చేసుకున్నదనీ అర్థమైంది. లాయక్ చేసిన పని వల్ల అతని పాపం తగ్గలేదు. మిశ, ఆ పసివాడు తిరిగి రాలేదు. ఆరంభంలోని సామెతలో రఘు చెట్టు అని నేను అనుకున్నాను. కంచన్ ఇంటికి సుత్తితో వెళ్లిన రోజు అతను గొడ్డలి అయ్యాడు.

గత నెలలో అయిదోసారి చూసినప్పుడు, చిత్రం పూర్తికాగానే మళ్లీ మొదటికి వెళ్లాను. ఆ వీధి దృశ్యం ఒక్కటే పెట్టుకుని, తల్లీకొడుకులు కారు దగ్గరికి వచ్చే వరకు చూసి, అక్కడ ఆపేశాను.