జేబులో చాకు: బ్లేడు కాదు, ఇరుసు చూడండి

జేబులో ఒకే ఒక్క చాకు పెట్టుకోవాలంటే ఏది కొనాలని ఎవరు అడిగినా, నేను ముందు వాళ్లనే ఒక మాట అడుగుతాను. మీ ఇంట్లో ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లుతుందా?

విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉండేవాళ్లు ఏమంటారో నాకు ముందే తెలుసు. ఏటా రంగు వేసినా బీచ్ రోడ్డు వైపు ఇళ్ల కిటికీ ఊచలు తుప్పు కారుతూనే ఉంటాయి. నా పని ఫిషింగ్ హార్బర్‌లో. మరపడవల మీద వైర్‌లెస్ సెట్లు, చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్లు బిగిస్తాను, చెడితే బాగు చేస్తాను. రోజుకు ఇరవై సార్లయినా చాకు తెరవాలి. కేబుల్ పైతొడుగు వలవడం, నైలాన్ కట్లు కోయడం, పెట్టెల టేపు చీల్చడం, మధ్యాహ్నం మామిడికాయ కోసుకోవడం, అన్నీ దానితోనే. తొమ్మిదేళ్లలో రెండు చాకులు వాడాను. మొదటిది మూడేళ్లు వచ్చింది. రెండోది ఆరేళ్లు దాటి ఇప్పటికీ జేబులోనే ఉంది. కంపెనీల పేర్లు చెప్పను. ఇది పేరుకు సంబంధించిన సంగతి కాదు, తయారీ పద్ధతికి సంబంధించిన సంగతి.

ఉక్కు రకం, బరువు, పిడి రంగు పెట్టె మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి వెళ్లను. చట్టం సంగతి మాత్రం అందరూ అడుగుతారు కనుక ఒక్క మాట. చాకును ఆయుధంగా లెక్కించడానికి 2016 ఆయుధ నిబంధనల్లో చెప్పిన కొలత 9 అంగుళాలకు మించిన బ్లేడు పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు. అదీ ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి కాని వాటికి. మూడు అంగుళాల మడత చాకు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. అయితే విమానంలో చేతి సంచిలో ఉండకూడదు, లగేజీలో వేయాలి. గుంపులు చేరే చోటికి, గుడికి, సభకు వెళ్లేటప్పుడు నేను దాన్ని ఇంట్లోనే వదిలేస్తాను.

ఇక అసలు విషయం. మడత చాకులో బ్లేడు పిడిలోకి తిరిగే చోట ఒక ఇరుసు ఉంటుంది. కొన్నింటిలో అది రివిట్. రెండు పక్కలా కొట్టి మూసేస్తారు, ఇక జన్మలో ఊడదు. కొన్నింటిలో స్క్రూ ఉంటుంది, విప్పవచ్చు. కొనేటప్పుడు ఎవరూ దీన్ని చూడరు. నేనూ చూడలేదు.

నా మొదటి చాకు రివిట్‌ది. అందమైన వస్తువు. పిడి వెనుక స్ప్రింగు, బ్లేడుకు గోరు పట్టే గాడి, తెరిస్తే టక్కుమనే శబ్దం. బ్లేడు స్టెయిన్‌లెస్. రెండేళ్లపాటు దాని మీద మచ్చ కూడా పడలేదు. ఆ మెరుపు చూసి మురిసిపోయి, ఉప్పుగాలికి ఇంతకన్నా మంచి చాకు లేదని హార్బర్‌లో నలుగురికి చెప్పి కొనిపించాను కూడా. రోజూ సాయంత్రం బ్లేడు తుడిచి, ఇరుసు దగ్గర ఒక చుక్క నూనె వేసేవాణ్ని. ఇంతకంటే శ్రద్ధ ఎవరు తీసుకుంటారని నా నమ్మకం.

మూడో ఏడు, వేట నిషేధం ముగిసే రోజులు. మన తూర్పు తీరంలో మరపడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఉండదు. మరమ్మతులన్నీ ఆ రెండు నెలల్లోనే జరుగుతాయి. చివరి వారంలో మాకు ఊపిరి సలపదు. ఆ రోజు ఒక పడవ క్యాబిన్ మీది స్తంభం ఎక్కి, పాత యాంటెన్నా కేబుల్ కట్లు కోసి కొత్తది కట్టాలి. ఎడమ చేత్తో స్తంభం పట్టుకుని, కుడి చేత్తో చాకు తీశాను. పక్కన ఇంకో పడవ కదిలితే మా పడవ ఊగుతోంది. ఒంటిచేత్తో తెరవడం నాకు అలవాటే, బ్లేడు గాడిని కట్టుతాడుకు ఆనించి లాగితే వచ్చేస్తుంది. ఆ రోజు రాలేదు. వారం నుంచి బిగుసుగా ఉందని నాకు తెలుసు, నూనె వేస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను. స్తంభాన్ని మోచేతి మడతలో ఇరికించుకుని, రెండో చేతి గోరు గాడిలో పెట్టి గట్టిగా లాగాను. గోరు సగానికి విరిగింది. మళ్లీ లాగాను. బ్లేడు సగం వరకు వచ్చి, లోపల ఏదో ఫట్‌మని విరిగిన చప్పుడైంది. ఆ తర్వాత బ్లేడుకు పట్టే లేదు. గాలికి తలుపు ఊగినట్టు అటూ ఇటూ వేలాడింది. ఒక పక్క గోటి నుంచి రక్తం, ఇంకో పక్క పట్టులేని పదునైన బ్లేడు, కింద పడవ ఊగుతోంది. దాన్ని జేబులో పెట్టుకోలేను, కింద మనుషులున్నారు కనుక వదలలేను. పళ్ల మధ్య పిడి పట్టుకుని దిగాను. ఆ దిగడం తలుచుకుంటే ఇప్పటికీ నా అరచేతులు చెమర్చుతాయి.

కింద పడవ నడిపే సరంగు ఆ చాకు తీసుకుని వెలుతురుకు తిప్పి చూశాడు. వయసులో పెద్దవాడు, నేను మామయ్యా అని పిలుస్తాను. "పైన మెరుస్తోంది బాబూ, రోగం లోపల ఉంది" అన్నాడు.

"రోజూ నూనె వేస్తున్నాను మామయ్యా."

"ఉప్పు మీద నూనె వేస్తే ఉప్పు ఎక్కడికి పోతుంది? మంచినీళ్లతో కడిగావా ఎప్పుడైనా?"

కడగలేదు. స్టెయిన్‌లెస్ అయినా సరే, ఇనప వస్తువును నీళ్లలో ముంచడానికి నాకు మనసొప్పేది కాదు.

ఆ రాత్రి ఇంట్లో డ్రిల్లుతో రివిట్ తొలిచి చాకును విప్పాను. బయట మూడంగుళాల బ్లేడు అద్దంలా ఉంది. ఇరుసు చుట్టూ, పిడి రేకుల మధ్య, వెలుగు సోకని ఆ కాస్త చోట నల్లటి ముద్ద. జేబులోని నూలు పోగులు, పాత నూనె, చేపల పొలుసుల పొడి, ఉప్పు అన్నీ కలిసి పట్టిన ముద్ద. దాని కింద స్టెయిన్‌లెస్ బ్లేడుకే సూదితో పొడిచినట్టు గుంటలు పడ్డాయి. స్ప్రింగు సరిగ్గా అలాంటి ఒక గుంట దగ్గరే విరిగింది.

దీని వెనుక కారణం తెలుసుకున్నాకే నాకు నిద్ర పట్టింది. ఉక్కులో దాదాపు పదిన్నర శాతానికి పైగా క్రోమియం ఉంటే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనిపించని పలుచని పొర కడుతుంది. గీత పడినా ఆ పొర మళ్లీ కట్టుకుంటుంది. స్టెయిన్‌లెస్ గొప్పదనమంతా అదే. కానీ ఇరుకు సందులో నీరు నిలిస్తే అక్కడ ఆక్సిజన్ అయిపోతుంది, పొర మళ్లీ కట్టుకోలేదు. ఉప్పులోని క్లోరైడు అక్కడే చేరుతుంది, నీరు ఆమ్లంగా మారుతుంది, ఉక్కును తొలుస్తుంది. బయట ఎంత మెరిస్తే లోపలి సంగతి మనం అంత మరిచిపోతాం. నీళ్లలో పడకపోయినా ఇది జరుగుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకుని కరుగుతుంది. మా ఊళ్లో ఆ తేమ ఎన్ని రోజులు ఉంటుందో ఉప్పు డబ్బాయే చెబుతుంది. జేబులో చెమట కూడా ఉప్పునీరే. ఉప్పు నూనెలో కరగదు. నేను రోజూ వేసిన చుక్క నూనె, ఆ ముద్దను అక్కడే పదిలంగా దాచింది.

అప్పుడే నిర్ణయించుకున్నాను, తరువాతి చాకు విప్పగలిగేదే కొనాలని. రెండోది వచ్చిన రోజు బ్లేడు పదును కూడా చూడలేదు, ముందు ఇరుసు చూశాను. నక్షత్రం గుంట ఉన్న స్క్రూ, టీ8 స్క్రూడ్రైవర్ బిట్ సరిపోతుంది. నా పనిముట్ల డబ్బాలో ఉన్నదే. ఐదు నిమిషాల్లో రెండు రేకులు, బ్లేడు, ఇరుసు, రెండు కంచు వాషర్లు పళ్లెంలో ఉన్నాయి. ఆ పళ్లెం చూసినప్పుడు కలిగిన తృప్తి ఏ బ్లేడు పదునూ నాకు ఇవ్వలేదు. ఈ వస్తువులో నాకు తెలియకుండా దాక్కునే చోటు ఇక లేదు.

ఆరేళ్లుగా నెలకొకసారి, ఎక్కువగా ఆదివారం పొద్దున్న, ఇదే పని. విప్పడం, గోరువెచ్చని మంచినీళ్లు, సబ్బు, పాత పళ్ల బ్రష్షు. తరువాత బాగా ఆరనివ్వాలి. ఎండలో పది నిమిషాలు పెడతాను. ఆ తరువాతే నూనె. మొదట్లో అమ్మ మాట విని కొబ్బరినూనె వాడాను. కొన్నాళ్లకు జిగురు కట్టి బ్లేడు బరువుగా తిరిగింది. కుట్టుమిషను నూనె బాగా పనిచేస్తుంది, కానీ అదే చాకుతో పండ్లు కోస్తాను కదా, మనసు ఒప్పలేదు. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్‌కు మారాను. రుచి ఉండదు, వాసన ఉండదు, పాడవదు. మిగిలిన రోజుల్లో సాయంత్రం కుళాయి కింద ఒకసారి తెరిచి మూసి, దులిపి, తుడిస్తే చాలు. పండిన సువర్ణరేఖ మామిడి కోసిన రోజు మాత్రం తప్పకుండా కడగాలి, ఆ రసం లోపలికి పోతే మర్నాటికి బంక అవుతుంది.

వేట నిషేధం రోజుల్లో వాడకం మూడింతలవుతుంది కనుక పదిహేను రోజులకోసారి విప్పుతాను. ఆరేళ్లలో లోపల ఒక్క గుంట పడలేదు. బ్లేడు నూరి నూరి ఒక మిల్లీమీటరు సన్నబడింది, అంతే.

మొదటి ఏడాది చివర నేను హార్బర్‌లో ఒక మాట అనేవాణ్ని, స్క్రూ ఉన్న చాకుకు చావు లేదని. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. విప్పగలిగేది ఏదైనా తనంతట తానే వదులు కూడా అవుతుంది. రెండో ఏడు బ్లేడు పక్కలకు కదలడం మొదలైంది. కేబుల్ వలిచేటప్పుడు ఆ కదలిక ప్రమాదం, లోపలి రాగి తీగ తెగిపోతుంది. బిగిస్తే తెరవడం కష్టం, వదిలితే ఊగుతుంది. ఆ రెండింటి మధ్య పావు మలుపు తేడా దొరకబుచ్చుకోవడానికి నాకు నెల పట్టింది. స్క్రూ కదలకుండా ఒక చుక్క నీలం రంగు థ్రెడ్‌లాకర్ జిగురు వేయాలి. అది అయిపోయిన ఒక నెల, మా ఆవిడ ఇచ్చిన గోళ్ల రంగు చుక్క పెట్టాను. బాగానే పట్టింది.

నాలుగో ఏడు ఇంకా పెద్ద దెబ్బ. పడవ డెక్కు మీద కూర్చుని తొందరలో విప్పాను. ఒక వాషర్ దొర్లి, ఇంజిన్ గది పక్క మురికి నీళ్లలో పడిపోయింది. దాని మందం వాషర్ కోసం ఊరంతా తిరిగాను, జగదాంబ కూడలి వైపు రేడియో విడిభాగాల దుకాణాలు కూడా వదల్లేదు. దొరకలేదు. చివరికి పాత మోటారులోని కంచు రేకు కోసి, అరగదీసి పెట్టుకున్నాను. నాలుగు రోజుల పని. అంత తీరిక, ఆ పనిముట్లు అందరికీ ఉండవు. విప్పి విప్పి స్క్రూ నక్షత్రం అంచులు కూడా అరిగాయి. ఒకసారి బిట్ జారింది, అప్పుడు స్క్రూ మార్చాను. విప్పితే గ్యారంటీ చెల్లదని కొన్ని కంపెనీలు ముందే చెబుతాయి, కొన్ని స్క్రూకు గట్టి జిగురు వేసి పంపుతాయి. కొనే ముందు అది అడగండి.

అందుకే అందరికీ ఇదే కొనమని చెప్పను. మా బావమరిది మధురవాడలో కంప్యూటర్ ఆఫీసులో పని చేస్తాడు. వారానికి రెండు పార్శిళ్లు, ఒక ఆపిల్ పండు, అంతే అతని అవసరం. "బావా, నాకూ నీ లాంటిదే చెప్పు" అన్నాడు. నేను చిన్న రివిట్ చాకే చెప్పాను. స్క్రూ చాకు ఇస్తే సంవత్సరంలో ఒక్కసారి కూడా విప్పడు, వదులైనా చూసుకోడు. వదులైన స్క్రూ చాకు కన్నా బిగుతైన రివిట్ చాకు మేలు. ఒక్కటే చెప్పాను, నెలకోసారి మంచినీళ్లలో తెరిచి మూసి కడిగి ఆరబెట్టమని. నాలుగేళ్లయింది, బాగుంది. అతని చాకు ఏసీ గదిలో ఉంటుంది, నాది ఉప్పులో ఉంటుంది.

పడవల మీద, రేవులో, ఒడ్డున బండి పెట్టుకుని పనిచేసేవాళ్లకు, చేతిలో స్క్రూడ్రైవర్ తిప్పడం అలవాటున్న వాళ్లకు మాత్రం నా మాట ఇదే. కొట్టులో బ్లేడు తెరిచి పదును చూసే ముందు, చాకును పక్కకు తిప్పి ఇరుసు చూడండి. మొదట్లో నేను రివిట్ చాకు కొనిపించిన ఆ నలుగురిలో ఇద్దరికి నా డ్రిల్లుతోనే విప్పి, కడిగి, కొత్త స్క్రూ పెట్టి ఇచ్చాను. ఒకటి బాగానే పనిచేస్తోంది. రెండోదాని స్ప్రింగుకు అప్పటికే గుంటలు పడ్డాయి, ఎంతకాలం వస్తుందో చూడాలి.

ఈ ఏప్రిల్ 15 లోపల నా పనిముట్ల డబ్బాలో నాలుగు వాషర్లు, రెండు స్క్రూలు అదనంగా సిద్ధం చేసుకున్నాను. ఇక డెక్కు మీద విప్పను, ఇంట్లో, పళ్లెంలోనే.